గృహిణి పద్దు: పట్నమునకు రెండు దినముల పయనము



ఇంటి పద్దు వ్రాసికొను గృహిణిని బియ్యమునకెంత, పాలకెంత, పిల్లల పుస్తకములకెంత యని యడిగినచో తడువుకొనక చెప్పగలదు. అట్టి గృహిణియే పట్నమునకు బోయి రెండు దినములుండి వచ్చిన పిమ్మట, చేసంచిలో మిగిలిన సొమ్మును జూచి, తక్కినది యే దారిని బోయినదో చెప్పజాలకున్నది. ఇంటి వ్యయము నెలనెలకు మఱల వచ్చునది గనుక దాని నడక మనకు దెలియును. ప్రయాణవ్యయ మట్లు గాదు. అది తెలియని చోట, తొందరలో, తెలియనివారి చేతులలో బడి పోవును. కావున బయలుదేరుటకు ముందే దానికొక పద్దు నేర్పఱచుకొనుట యవసరము. ఈ నెల యా పద్దును గూర్చియే ముచ్చటించెదను.

మా ధరూరు నడిగడ్డలోనిది. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నేల గనుక దీనికి నడిగడ్డ యని పేరు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జోగులాంబ గద్వాల జిల్లా యేర్పడువఱకు మాది మహబూబునగరము జిల్లా. మాకు హైదరాబాదు పట్నము. తుంగభద్ర కావల కర్నూలు. పడమటి దిక్కున రాయచూరు. పెద్ద వైద్యమునకు గాని, పిల్లల చదువునకు గాని, ఉద్యోగపు పరీక్షలకు గాని, పెండ్లి బట్టలకు గాని యీ మూడింటిలో నొకదానికి బోక తప్పదు. మూడును మూడు రాష్ట్రములలో నున్నవి. ఒకే బస్సు స్టేషనునుండి బయలుదేరినను మూడు దారులకు మూడు విధములైన లెక్కలు గలవు. దూరప్రాంతముల సోదరీమణులకును తమ తమ యూళ్లకు దగినట్లు మార్చుకొన్నచో నీ మాటలు పనికివచ్చునని తలంచుచున్నాను.

పూర్వుల దారిబత్తెము

పూర్వము ప్రయాణమునకు బోవువారు దారిబత్తెము కట్టుకొనెడివారు. అటుకులు, పేలపిండి, చింతపండు, ఎండుమిరపకాయలు మూటలో, సొమ్ము కొంగున. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, మా పొరుగుననున్న వనపర్తి మీదుగా హైదరాబాదు చేరి, అచ్చటినుండి కాశీకి బోయి, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన మఱల నిల్లు చేరిరి. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. ఏ మజిలీలో నీరు మంచిది, ఎచ్చట నంగళ్లు గలవు, ఎచ్చట దిగుటకు వసతి దొరకునని ఊరూరికిని వ్రాసియుంచుట చేతనే యా గ్రంథము తరువాతి యాత్రికులకు దారి చూపినది. ప్రయాణపు లెక్కకు మొదటి పాఠ మిదియే: వెళ్లినవారు వ్రాసియుంచవలెను, వెళ్లువారు దానిని చదువుకొనవలెను.

రెండవ పాఠము నాణెముది. నైజాము రాజ్యమున హాలీ సిక్కా యను వేఱు రూపాయి చెల్లెడిది. తుంగభద్ర దాటి కర్నూలు గట్టెక్కినచో అది చెల్లదు. అచ్చట నింగ్లీషువారి కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయల కాఱు కల్దారు రూపాయలు లెక్క. లెక్క తెలియనివారికి మార్పిడిలో నష్టము గల్గుట సహజము గదా! హైదరాబాదు భారతదేశమున గలిసిన పిమ్మట భారతరూపాయి వచ్చి, 1959వ సంవత్సరము నాటికి హాలీ వాడుక ముగిసినది. నాణెము లొక్కటియైనను ఏటి కావలి యొడ్డున లెక్క మారుట మాత్రము నేటికిని గలదు. అది టిక్కెట్టు రూపమున వచ్చినది. ఎట్లో చెప్పెదను.

ఉచితపు బస్సు: దాని యెల్లలు

1932వ సంవత్సరము జూను 15వ తేదీన నైజాము రైల్వేశాఖవారు 27 బస్సులతో నారంభించిన రవాణాయే పెరిగి పెరిగి నేటి తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ యైనది. ఈ సంస్థ బస్సులలో 2023వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ మొదలు మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలకు బాలికలకు టిక్కెట్టు ధర లేదు. జిల్లాలలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకును, పట్నములో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకును ఇది వర్తించును. డీలక్సు, సూపర్ లగ్జరీ మొదలగు పైతరగతి బస్సులకు వర్తింపదు. కావున గద్వాలలో బస్సెక్కునప్పుడు “హైదరాబాదుకేనా?” యని యడుగుట చాలదు, “ఎక్స్‌ప్రెస్సేనా?” యనియు నడుగవలెను. ముందుపలకపై తరగతి పేరు వ్రాసియుండును. సీటు దొరకినదను సంతోషమున గూర్చున్న తరువాత కండక్టరు వచ్చి ధర చెప్పినచో, నడిదారిలో దిగుటయు కష్టమే, చెల్లించుటయు కష్టమే.

మూడు సంగతులు మఱవరాదు. మొదటిది: ధర లేకున్నను టిక్కెట్టు పుచ్చుకొనవలెను. కండక్టరిచ్చు సున్న టిక్కెట్టు లెక్కను బట్టియే ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లించును. ఊరక కూర్చుండిన స్త్రీ యెవరి లెక్కలోను జేరదు. తనిఖీవారు వచ్చినచో టిక్కెట్టు లేనివారిలో జేరును. రెండవది: తెలంగాణ చిరునామా గల గుర్తింపు కార్డు అసలుది చేత నుండవలెను. పాన్ కార్డుపై చిరునామా లేదు గనుక అది పనికిరాదు. మూడవది మన నడిగడ్డ యిండ్లకు ముఖ్యముగ సంబంధించినది. మా ప్రాంతపు కోడండ్రలో ననేకులు కర్నూలు వైపు పుట్టినవారు, రాయచూరు వైపు పుట్టినవారు. పెండ్లియై యేండ్లు గడచినను వారి ఆధారు కార్డుపై పుట్టినింటి చిరునామాయే యుండును. అట్టివారు తెలంగాణలోనే కాపురమున్నను సున్న టిక్కెట్టునకు హక్కు చూపజాలరు. అత్తవారింటి చిరునామా మార్పించుకొనుట కొక దినము గద్వాలకు బోవలసివచ్చినను, ఆ దినపు శ్రమ తరువాతి యన్ని ప్రయాణములకు ఫల మిచ్చును.

ఇక యెల్లలు. గద్వాలనుండి కర్నూలునకు గాని రాయచూరునకు గాని తెలంగాణ బస్సులో బోయినచో సరిహద్దు వఱకు ధర లేదు; అచ్చటినుండి ధర చెల్లింపవలెను. కర్ణాటకములో 2023వ సంవత్సరము జూను 11వ తేదీనుండి శక్తి యను పథకమును, ఆంధ్రప్రదేశములో 2025వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి యను పథకమును గలవు. అయినను కర్ణాటకపుది కర్ణాటకపు స్త్రీలకు, ఆంధ్రపుది ఆంధ్రపు స్త్రీలకు. సరిహద్దు కీవలి కార్డు కావలి రాష్ట్రమున జెల్లదు. హాలీ రూపాయి కర్నూలులో జెల్లనట్లే యిదియు. కావున కర్నూలునకు, రాయచూరునకు బోవునప్పుడు కొంత చిల్లర విడిగా నుంచుకొనవలెను.

మగవారు వెంటవచ్చినచో వారికి మామూలు ధరయే. మా యింటివారు బడిపంతులు. సెలవు దినములలో గాని వెంటరాజాలరు. ఆయన వచ్చినప్పటికిని రానప్పటికిని వ్యయమునందు గల వ్యత్యాసమును మొట్టమొదట పద్దులో జూచినది నేనే. ధర లేని దారి స్త్రీకి గల్గుటచే నింటిలో నొక క్రొత్త మాట పుట్టినది: “నీవే పోయి రారాదా?” దీనిలో సౌకర్యమును గలదు, భారమును గలదు. ఆసుపత్రికి, కచేరికి, పిల్లల వసతిగృహమునకు దిరుగు పని యంతయు ధర లేదను నెపమున స్త్రీమీద బడకుండ జూచుకొనవలెను. ఇద్దఱు పోవలసిన పనికి నిద్దఱును పోవలెను.

రైలు: ధర గలదు, దయయు గలదు

గద్వాలనుండి మహబూబునగరము మీదుగా కాచిగూడకు రైళ్లు గలవు. కాచిగూడ స్టేషను 1916లో కట్టినది. దాని గుమ్మటములు నేటికిని చూడదగియున్నవి. రైలునకు ధర చెల్లింపవలెను గనుక బస్సు ఉచితమైన పిమ్మట అనేకులు రైలును మఱచిరి. ఇచ్చట నొక మాట విన్నవించుకొనుచున్నాను. బస్సులో గంటలకొలది కూర్చుండవలెను; కాళ్లు చాపుటకు వీలు లేదు; బస్సు ఆగినచోట గాని మఱుగుదొడ్డి లేదు. స్త్రీలలో ననేకులు ఈ కారణముచేతనే బయలుదేరినది మొదలు నీరు త్రాగుట మానుదురు. గర్భిణులు, మధుమేహము గలవారు, మోకాళ్ల నొప్పులవారు, క్రొత్తగా శస్త్రచికిత్స యైనవారు ఇట్లు చేయుట ప్రమాదము. ఉచితమునకై దేహము నొడ్డుట పొదుపు గాదు. అట్టివారికి రైలు టిక్కెట్టు వైద్యవ్యయములో భాగమని లెక్క వ్రాసికొనుడు.

రైలులో అయిదేండ్లు నిండని పిల్లలకు టిక్కెట్టక్కఱలేదు. అయిదు మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లలకు వేఱుగా బెర్తు కోరనిచో సగము ధర, కోరినచో పూర్తిధర. పెద్దలకు పూర్వముండిన రాయితీ, అనగా ఏబదియెనిమిదేండ్లు నిండిన స్త్రీలకు సగము ధర, 2020వ సంవత్సరము మార్చి నెలలో నిలిచిపోయినది. ఇప్పటికిని కొందఱు పెద్దలు సగము ధరయే సంచిలో వేసికొని స్టేషనునకు వచ్చుచున్నారు. ఇంటనున్న చదువుకొన్న కోడండ్రు వారికి ముందుగ జెప్పవలెను.

పట్నములో దిగిన పిమ్మట

సొమ్ము నిజముగ గరగునది పట్నములో దిగిన పిమ్మటనే. ధరూరునుండి మహాత్మాగాంధీ బస్సు స్టేషను వఱకు ఒక్క రూపాయి లేక వచ్చిన స్త్రీ, స్టేషను గుమ్మము దాటగనే ఆటోవాడు చెప్పిన మాటకు లోబడి, దారి పొడుగున మిగిల్చినదంతయు నచ్చటనే యిచ్చివేయును. ఆటో పూర్తిగ మానుడని నేను జెప్పను. రోగిని గొనిపోవునప్పుడు, రాత్రివేళ, వానలో నది తప్పదు. కాని యెక్కకముందు ధర మాటాడుకొనవలెను; ఫోనులో నాటో పిలుచు సదుపాయము గలవారు, దానిలో నెంత చూపుచున్నదో చూచిన పిమ్మట మాటాడవలెను.

బస్సు స్టేషనునకు ఆనుకొనియే మెట్రో రైలు స్టేషను గలదు. హైదరాబాదు మెట్రో 2017వ సంవత్సరము నవంబరు నెలలో నారంభమైనది. మూడు దారులును గలిసి యించుమించు 69 కిలోమీటర్లు. మియాపురమునుండి ఎల్.బి. నగరము వఱకు బోవు ఎఱ్ఱదారియు, జూబిలీ బస్సు స్టేషనునుండి వచ్చు పచ్చదారియు నిచ్చట గలియును. నాగోలునుండి రాయదుర్గము వఱకు బోవు నీలిదారి కావలసినవారు ఎఱ్ఱదారిలో అమీరుపేట వఱకు బోయి మాఱవలెను. 2025వ సంవత్సరము మే 24వ తేదీనుండి మెట్రో టిక్కెట్టు కనిష్ఠము 11 రూపాయలు, గరిష్ఠము 69 రూపాయలు.

ఇచ్చట పేరుల చిక్కొకటి గలదు. మెట్రో ఎక్స్‌ప్రెస్ అనునది బస్సు. మెట్రో యనునది రైలు. మొదటిదానిలో స్త్రీలకు ధర లేదు, రెండవదానిలో గలదు. “మెట్రో ఉచితమట గదా” యని రైలు మెట్లెక్కి, టిక్కెట్టు కిటికీయొద్ద మాటపడినవారిని నేనెఱుగుదును.

వైద్యమునకు వచ్చువారికి దారి యిట్లు. ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజులో బస్సు స్టేషనునకు సమీపముననే యున్నది. నడువగలవారు నడచి పోవచ్చును. పంజగుట్టలోని నిమ్సునకు ఎఱ్ఱదారి మెట్రో నేరుగ బోవును. పిల్లల ఆసుపత్రి యగు నీలోఫరునకు అదే దారిలో లక్డీకాపూలు దగ్గఱ. గాంధీ ఆసుపత్రికి పచ్చదారిలో ఆ పేరు గల స్టేషనే యున్నది. ఈ నాల్గింటికిని ఉచితపు సిటీ బస్సులును గలవు. వేళ చిక్కియున్నచో బస్సు, డాక్టరుగారి వేళ దాటుచున్నచో మెట్రో, రోగి నడువలేనిచో ఆటో. ఈ మూడు వాక్యములను కార్డుముక్కపై వ్రాసి సంచిలో నుంచుకొన్నచో, గుమ్మమువద్ద గంద్రగోళము గలుగదు. ఉదయము పోవునప్పుడు మెట్రో, పని ముగిసి తీరికగ మఱలునప్పుడు బస్సు నెక్కుట మధ్యేమార్గము.

వేళ మిగిలినచో పిల్లలకు సాలారుజంగు మ్యూజియము చూపుడు. అదియు బస్సు స్టేషనునకు చేరువనే. శుక్రవారము సెలవు గనుక ఆ దినము పెట్టుకొనకుడు.

సొమ్ము ఎవరి చేతిలో నున్నది?

ఇక చెల్లింపు సంగతి. మా వీథిలో నొక పెద్దమ్మ గలదు. భర్త గతించి చాలకాలమైనది. కంటిలో పొరవచ్చి రెండేండ్లు చూపు మందగించినను, పట్నపు దారిఖర్చు కోడలి నడుగ మనసొప్పక యోర్చుకొనియుండెను. బస్సు ఉచితమైన పిమ్మట ఆమెయే ధైర్యము చేసి బయలుదేరెను. పరీక్ష యైనది, మందులు వ్రాసిరి. మందుల యంగడిలో సొమ్మడిగిరి. ఆమె పింఛను సొమ్ము బ్యాంకిలో నామె పేరనే యున్నది. కాని యా ఖాతాకు జేర్చిన ఫోను నంబరు కుమారునిది. ఫోనుద్వారా చెల్లించు సదుపాయ మంతయు నతని ఫోనులో నున్నది. అతడు పనిలో నుండి యెత్తలేదు. గంటన్నర యా పెద్దమ్మ యంగడి బల్లమీద గూర్చుండెను. సొమ్మామెదే, ఖాతా యామెదే, కన్ను నామెదే. చెల్లించు చేయి మాత్ర మామెది గాదు. కుమారుడు మంచివాడే. మంచివాడైనను పనిలో నున్నవాడు. మఱుసటి వారమే యామె గద్వాలకు బోయి, బ్యాంకిలో తన నంబరును ఖాతాకు జేర్పించుకొనెను. ఇప్పుడు పట్నమునకు బోయినచో మందులసొమ్ము తానే చెల్లించుచున్నది.

మహాభారతమున ద్రౌపది సత్యభామతో మాటాడుచు, పాండవుల యాదాయవ్యయముల నన్నిటిని తా నొక్కతెయే యెఱిగియుండెడిదానినని చెప్పుట మీరెఱిగినదే. మహారాజ్యపు కోశమును లెక్కచూచిన యిల్లాలిని కీర్తించు మనము, మన పేరనున్న చిన్న ఖాతాకు తాళపుచెవిని పరుల చేత బెట్టి నిశ్చింతగ నుండుట తగునా?

ఫోనుద్వారా చెల్లించు విధానమును మనవారు యూపీఐ యందురు. 2016వ సంవత్సరము ఏప్రిలులో మొదలైనది. అంగడిలో స్కాను చేసి చెల్లించుటకు మనకు వేఱుగా రుసుము లేదు. పట్నములో కూరగాయల బండి మొదలుకొని యందఱును దీనిని స్వీకరించుచున్నారు. తెరఫోను లేనివారును, సాధారణపు మీటల ఫోనునుండి చెల్లించుటకు 2022వ సంవత్సరము మార్చినుండి 123పే యను సదుపాయము గలదు. చిన్న చెల్లింపులకు యూపీఐ లైటు మేలు. ఖాతానుండి కొంత సొమ్ము దానిలో వేఱుచేసి యుంచినచో, ప్రతిసారియు పిన్ను నొక్కకయే చిన్న మొత్తములు చెల్లించవచ్చును. 2024వ సంవత్సరము డిసెంబరులో రిజర్వు బ్యాంకువారు దీనిలో నుంచదగిన మొత్తమును 5,000 రూపాయలకును, ఒక్క చెల్లింపును 1,000 రూపాయలకును బెంచిరి. ప్రయాణమునకు నేను దీనిలో అయిదువందలే యుంచెదను. బంధువులయింటికి బోవుచు బీరువా యంతయు మోసికొని పోము గదా. చిన్న సంచి చాలును.

ఈ క్రింది నియమములను పిల్లలచేత గూడ జదివించుడు.

సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కవలసిన పని లేదు, స్కాను చేయవలసిన పనియు లేదు. “మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ను నొక్కుడు” అనువాడు మోసగాడు.

పిన్ను ఫోనుతొడుగు వెనుక గాని, కార్డుపై గాని వ్రాయరాదు. మఱచిపోవుదుమను భయము గలవారు ఇంట పద్దుపుస్తకములో తమకు మాత్రమే తెలియు గుర్తుగ వ్రాసికొనవలెను.

చెల్లించిన వెంటనే తెరపై పేరును మొత్తమును చదువుకొని, అంగడివానికి జూపి, ఆ పిమ్మటనే కదలవలెను.

మోసము జరిగినదని తోచిన క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. సిగ్గుచే నింటివారికి జెప్పక దాచినచో, సొమ్మును నిలుపుటకు గల వేళ దాటిపోవును.

ఏటీయము లెక్కయు దెలిసియుండవలెను. మన బ్యాంకి యంత్రమున నెలకు అయిదుసార్లు రుసుము లేదు. ఇతరుల యంత్రమున హైదరాబాదువంటి మహానగరములలో మూడుసార్లే. ఇతర ప్రాంతములలో అయిదు. అంతకు మించినచో 2025వ సంవత్సరము మే 1వ తేదీనుండి ఒక్కొక్కసారికి 23 రూపాయల వఱకు బట్టుకొందురు. సొమ్ము తీయక, నిలువ యెంతయున్నదో చూచుకొన్నను నది యొకసారిగనే లెక్కకు వచ్చును. కావున పట్నములో రెండువందలు, మూడువందలుగ బలుమాఱు తీయక, గద్వాలలోనే యొక్కసారి తీసికొని బయలుదేరుట మేలు.

ఫోనున్నను చేతిసొమ్ము వదలరాదు. బ్యాటరీ యడుగంటును, నెట్టు అందదు, తెర పగులును. పదులు, ఇరువదులు, ఏబదులుగ నోట్లు మార్చుకొని మూడు చోట్ల నుంచుకొనుడు: వాడుకకు చేసంచిలో, అత్యవసరమునకు రవికలో గాని కొంగుముడిలో గాని, మఱలివచ్చుటకు కావలసినది బట్టల మడతలో. మఱలివచ్చు సొమ్మును మాత్రము, ఎంత మంచి చీర కనబడినను, ముట్టరాదు.

సముద్రము దాటువారికి

మన యిండ్ల పిల్లలు జర్మనీలో, బ్రిటనులో చదువులకు గొల్వులకు బోవుచున్నారు గనుక తల్లులకు గూడ నచ్చటికి బోవు నవకాశము గల్గుచున్నది. నాలుగు దినములు యూరపు పట్టణమొకటి చూడబోవు తల్లికిని లెక్క యిదియే.

మన మహాలక్ష్మివలె నచ్చటను ధర లేని బండ్లు గలవు. ఎస్తోనియా దేశపు టాలిన్ నగరమున 2013వ సంవత్సరము జనవరినుండి ధర లేదు. కాని యది యా నగరవాసులకే. లక్సెంబర్గులో 2020వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీనుండి పరదేశీయులకు గూడ ధర లేదు, రైలు మొదటి తరగతికి దప్ప. కావున “ఉచితము” అని విన్న వెంటనే “ఎవరికి?” అని యడుగుట ధరూరునకును టాలిన్నునకును సమానమే. అనేక పట్టణములలో దినపు పాసు లమ్ముదురు. కొనుటకు ముందు ఆ దినము ఎన్నిసార్లు బండి యెక్కుదుమో వ్రేళ్లపై లెక్కించి, విడి టిక్కెట్ల మొత్తముతో బోల్చవలెను. రెండుసార్లే యెక్కువారికి పాసు నష్టము గావచ్చును. లండనులో బ్యాంకి కార్డునే యంత్రమునకు దాకించి పోవచ్చును. ఒక దినములో నింతకు మించి పట్టుకొనరాదను హద్దు గలదు. అయితే యా హద్దు ఒకే కార్డును దినమంతయు వాడినవారికే. ఉదయము కార్డు, సాయంకాలము ఫోను దాకించినచో రెండు లెక్కలగును. ప్రాగు మొదలగు పట్టణములలో కాగితపు టిక్కెట్టు కొన్న మాత్రమున జాలదు. యంత్రమున ముద్ర వేయించవలెను, లేనిచో జరిమానా. మన సున్న టిక్కెట్టు నీతియే యది.

నాణెముల సంగతి హాలీ కల్దారుల సంగతియే. యూరోను అనేక దేశములలో వాడుచున్నను, బ్రిటనుకు పౌను, స్విట్జర్లాండునకు ఫ్రాంకు, హంగరీకి ఫోరింటు వేఱు. అచ్చటి యంగడి యంత్రము మన కార్డును జూచి, “రూపాయలలో పట్టుకొందునా, ఇచ్చటి నాణెములోనా?” యని యడుగును. రూపాయలు చూచి మనసు కరగును. అయినను అచ్చటి నాణెమునే కోరుకొనుడు. రూపాయలలో నన్నచో మార్పిడిదరను యంత్రమువాడే నిర్ణయించి తన లాభము కలుపుకొనును. పారిసులోని ఈఫిలు గోపురమువద్ద 2024వ సంవత్సరము ఫిబ్రవరినుండి మన యూపీఐతో టిక్కెట్టు కొనుటకు వీలు గల్గినది. సంతోషమే. కాని దానినే నమ్ముకొని, కార్డు లేక, కొంచెము నగదు లేక బోరాదు.

రెండు దినముల పద్దు

మా అత్తగారిని గొని నేను పట్నమునకు బోవునప్పుడు, ఇద్దఱికి రెండు దినములకు, మందులు గాక, వేయి రూపాయలు వేఱుచేయుదును. ఆటోకు మూడువందలు; మెట్రోకు నూటయేబది; భోజనమునకు మూడువందలయేబది; అనుకొనని వ్యయమునకు రెండువందలు. రాత్రి బంధువులయింట నుందుము గనుక బసకు వ్రాయను. బస కావలసినవారు దానిని మొదటి వరుసలో వ్రాయవలెను. మొదటి దినపు భోజనము జొన్నరొట్టెలు, పల్లీపొడి యింటనుండియే కట్టుకొందుము. సీసాలో నీరు వెంటనుండును. రాత్రి పడుకొనుటకు ముందు ఆ దినపు వ్యయమును నాలుగు పంక్తులలో వ్రాసికొందును. ఒక పంక్తిలో మించినచో మఱుసటి దినము వేఱొక పంక్తిలో దగ్గించుకొందును. మించినది మందులకైనచో దేనిని దగ్గింపక, అత్యవసరపు ముడి విప్పుదును; దానిని గట్టుకొన్నది యందులకే గదా.

బయలుదేరు ముందటి దినము ఈ యైదింటిని చూచుకొనుడు: తెలంగాణ చిరునామా గల అసలు కార్డు, తన నంబరు చేరిన తన ఖాతా, బ్యాటరీ నిండిన ఫోను, మూడు చోట్ల చిల్లర, ఇంటివారి ఫోను నంబర్లు వ్రాసిన కాగితము. ఫోను పోయినచో ఆ నంబర్లు మనకు నోటికి రావు గనుక కాగితమును తక్కువగ జూడరాదు.

తిరిగివచ్చిన పిమ్మట పద్దును జింపివేయక, వీరాస్వామయ్యగారివలె భద్రపఱచుడు. ఏ బస్సు ఏ వేళకు వచ్చినది, ఆసుపత్రిలో ఏ కిటికీయొద్ద చీటి యిచ్చిరి, శుభ్రమైన మఱుగుదొడ్డి యెచ్చట గలదు అనునవి గూడ వ్రాసియుంచినచో, రేపు పోవు పొరుగింటి చెల్లెలికి పనికివచ్చును. మీ మీ యూళ్లనుండి పట్నమునకు గల దారులను, అచ్చటి మెలకువలను సంపాదకవర్గమువారి పేర వ్రాసి పంపుడు. తగినవానిని రాబోవు నెలలలో నీ శీర్షికయందే ప్రకటింతుము. వచ్చు నెల, పిల్లలను వసతిగృహములలో జేర్చునప్పటి వ్యయమును గూర్చి వ్రాయదలచినాను.